టాపులేని కారు, పెద్దమ్మ దోమతెర

ఆ రోజుల్లో నాకున్న ఆస్తల్లా నా జుట్టే. తెనాలిలో చిన్న ఉద్యోగం, తెలివితేటలు అంతంత మాత్రం. నుదుటి మీద నిలబడే క్రాపును మాత్రం అద్దం ముందు గంటల తరబడి సింగారించేవాణ్ణి. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది రేపల్లె నుంచి వచ్చింది. అమ్మాయి ఫొటో చూసినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. "మన స్పోర్ట్స్ కారులో దిగుదాం బామ్మర్దీ, ఇక తిరుగుండదు" అన్నాడు అక్క మొగుడు. (సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎర్ర కారు. టాపు వెనక్కి మడిచేయొచ్చు.) ట్రయల్‌కని బాపట్ల దాకా వెళ్ళొచ్చేసరికి నా క్రాపు గడ్డివామైంది, సైలెన్సర్ పొగకి తల దిమ్మెక్కింది. గాలంటే ముందు నుంచే కదా అని బావ ముందు అద్దం మీద ప్లాస్టిక్ రేకు బిగించి ఎత్తు పెంచాడు. పొగ ఇంకా ఎక్కువైంది.

పెళ్ళిచూపులకి అమ్మ, బావ, నేను బయల్దేరాం. ముగ్గురు వెళ్ళకూడదని అమ్మ పట్టుబట్టి పెద్దమ్మను కూడా వెనక సీట్లో ఇరికించింది. (ఆవిడ ఎక్కడికెళ్ళినా దోమతెర వెంట ఉండాల్సిందే.) ఊరు దాటగానే పెద్దమ్మ కేకేసింది. "అల్లుడుగారూ, కాస్త ఆపండి! గాలి ముందు నుంచి కాదండీ, నా ముడి చూడండి, ఊడి ముందుకొచ్చి మొహం మీద పడుతోంది. గాలి వెనక నుంచి తన్నుకొస్తోంది, పొగని కూడా వెంటేసుకుని!" వెంటనే టాపు కమ్మీలు నిలబెట్టించి, వాటికి తన దోమతెర మడతలు వేసి సీటు వెనక అడ్డంగా కట్టించింది. అంతే, గాలి తగ్గింది, పొగ తగ్గింది, నా క్రాపు చెక్కు చెదరలేదు. ఆ సంబరంలో రేపల్లెలో దిగేముందు తెర విప్పడం మర్చిపోయాం.

వీధంతా మూగింది. అమ్మ తల ఎత్తలేదు. కాఫీ ఇచ్చిన అమ్మాయి నావైపు సూటిగా చూసి, "కారులో దోమలు బాగా ఉంటాయాండి?" అంది. మూడోదీ పోయిందనుకున్నాను. పెద్దమ్మే అందుకుంది. "దోమలెక్కడివమ్మా! మావాడి జుట్టు చెదరకూడదని కట్టాం." అమ్మాయి పకపకా నవ్వింది. మేం తెనాలి చేరేలోపే సరేనని ఫోనొచ్చింది.

ఇప్పుడు మాది ఏసీ కారు. అద్దాలెత్తితే గాలీ రాదు, పొగా రాదు. రేపల్లె రోడ్డెక్కినప్పుడల్లా మా ఆవిడ నా బట్టతల నిమిరి, "దోమతెర కట్టమంటారా?" అంటుంది. నవ్వుతూనే వెనక సీటు వైపు చూస్తాను. కాపాడ్డానికి జుట్టూ లేదు, కాపాడే పెద్దమ్మా లేదు.