కూకో అన్న మాట

పోయిన వారం పొద్దున్నే కాఫీ పెట్టుకుంటుంటే థాండి దగ్గర్నుంచి ఫోన్లో మెసేజ్ వచ్చింది: "కోచ్ పోయారు." నేను నమ్మలేదు. వెంటనే ఫోన్ చేసి, "నీకెవరు చెప్పారు? వాళ్ళకెవరు చెప్పారు?" అని నిలదీశాను. ఆమె ఏడుస్తూనే, "నువ్వు మారవు సిసి. నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను," అంది. అప్పుడు నమ్మాను. స్టవ్ కట్టేశాను.

ఆయన దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో, మా కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్. థాండి మా కెప్టెన్, ఊరి బయట నల్లవాళ్ళుండే క్వామషు పిల్ల. వాళ్ళ జులూ భాషలో సిసి అంటే అక్కా, చెల్లీ రెండూను. నేను బెజవాడ నుంచి వచ్చిపడ్డ షూటర్‌ని. మొదటి రెండు నెలలూ ఆయన్ను నేను ఒక్క పూట కూడా నమ్మలేదు. ఆ సంగతి మీ దగ్గర దాస్తే ఆయనకే కోపం వస్తుంది.

నల్లవాళ్ళకు మొదటిసారి ఓటొచ్చిన ఎన్నికలైన మరుసటి ఏడాది మా నాన్న డాక్టరు ఉద్యోగం మీద మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. ఇండియన్లు ఎక్కువగా ఉండే ఓవర్‌పోర్ట్ పేటలో ఇల్లు. అప్పుడు ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. రంగును బట్టి వేరువేరుగా ఉన్న కాలేజీలను కలిపి ఒకటి చేసి, దాని జట్టును కోచ్ చేతిలో పెట్టారు. తెల్లపిల్లల తల్లులు ఎవరిని ఎంతసేపు ఆడిస్తున్నాడో వాచీ చూసుకుంటూ కూర్చునేవారు. ఇండియన్ తండ్రులు, మన పిల్లల చోట్లన్నీ నల్లపిల్లలకిచ్చేస్తున్నాడనేవారు. జులూ పిల్లలేమో, చివరికి తన ఇండియన్లనే దింపుతాడు చూడు అనుకునేవారట. మా నాన్న వీళ్ళందరికంటే రెండాకులు ఎక్కువే చదివారు. "ఇక్కడి పాత తెలుగువాళ్ళకి మనమంటే గిట్టదమ్మా. ఉద్యోగాలు లాక్కోడానికి వచ్చామనుకుంటారు. ఆ మనిషితో జాగ్రత్త," అనేవారు.

నాన్న చెప్పకపోయినా నేను జాగ్రత్తగానే ఉండేదాన్ని. నాకు ఆ జట్టు తప్ప ఇంకేమీ లేదు. క్లాసులో నా ఇంగ్లీషుకి నవ్వేవారు. స్నేహితులంతా బెజవాడలో ఉండిపోయారు. చేతిలో బంతి ఉన్నంతసేపే నేను ఎక్కడిదాన్నో ఎవరూ అడిగేవారు కాదు. ఆటలోకి దిగే ఐదుగురిలో ఒకదాన్ని కాలేకపోతే ఈ దేశంలో నాకు చోటు లేదనుకున్నాను.

మొదటిరోజు కోచ్ నన్నడిగింది ఆట గురించి కాదు. "నువ్వు తెలుగు?" అన్నారు. ఔనన్నాను.

"నేను కూడా తెలుగు. కొంచెం తెలుగు. అన్నం, కూర, తిట్లు, అంతే."

"మీది ఏ జిల్లా అండీ?"

"నేను పుట్టింది ఉమ్‌హ్లాలి, చెరుకు తోట. నా అవ్వ చిన్నపిల్ల అప్పుడు ఓడ ఎక్కింది. ఊరు పేరు చెప్పలేదు," అని జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నారు.

ఆ నోట్‌బుక్ నా ప్రాణం తీసింది. నేను నోరు తెరిస్తే చాలు, రాసేవారు. బంతి రింగుకు తగిలి బయటపడి "ఛీ" అంటే రాసేవారు. షూ లేసు ముడిపడి సణుక్కుంటే రాసేవారు. పైగా, మిగతా పిల్లలకు డిఫెన్స్ నేర్పే రోజుల్లో నన్ను అవతలి రింగు దగ్గరికి పంపి ఒక్కదాన్నే షాట్లు వేసుకోమనేవారు. "చెయ్యి మంచిది. కాళ్ళు తర్వాత," అనేవారు. నన్ను తీసేయడానికి రుజువులు పోగేస్తున్నారని నిశ్చయించుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక వెళ్ళి, "మీకు నామీద ఏమిటి కోపం?" అని అడిగేశాను. ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, "అనుమానమా? పర్లేదు, అందరికీ ఉంది. బంతిని చూస్తూ అనుమానించు," అన్నారు.

అనుమానం ఆయనకు కొత్త కాదని తర్వాత తెలిసింది. పాత రోజుల్లో ఇండియన్ కాలేజీ షెడ్డు వెనక సున్నంతో గీతలు గీసి ఆట నేర్పారు. రంగు చూసి విడదీసే పోటీల్లో తన జట్టును దింపనన్నారు. దాంతో ఏళ్ళ తరబడి మ్యాచ్ అన్నదే లేని సాధన. ఈ పిల్లల్ని రోజూ ఎందుకు పోగేస్తున్నాడా అని రోడ్డవతల పోలీసు కారు కాపు కాసేది. "గోడ దాటి బంతి పడితే వాళ్ళే తెచ్చిచ్చేవాళ్ళు, పాపం," అనేవారు.

మా మొదటి పెద్ద మ్యాచ్, ఒకప్పుడు థాండివాళ్ళను గేటు కూడా దాటనివ్వని తెల్లవాళ్ళ కాలేజీలో. అంత నున్నటి చెక్క నేల మాలో చాలామంది అదే చూడడం. రెండో సగంలో కోచ్ నన్ను దింపారు. వరసగా మూడు షాట్లు పడ్డాయి. ఇక నిమిషం కూడా లేదు. ఒక్క పాయింటు ముందున్నాం, బంతి వాళ్ళ చేతిలో ఉంది. అప్పుడు ఆయన నావైపే చూస్తూ, "కూకో, కూకో," అని అరిచారు.

నా ఒళ్ళు మండిపోయింది. మూడు షాట్లు వేసినదాన్ని, ఇంతమందిలో, నా భాషలోనే కూర్చోమంటాడా? ఆట జరుగుతుండగానే గీత దాటి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నేను కాపు కాయాల్సిన పిల్ల ఖాళీగా నిలబడి, బంతి అందుకుని, తాపీగా రింగులో వేసింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

థాండి నా మీదికొచ్చింది. "హావ్, సిసి. నువ్వు వాళ్ళ తరఫునా?" మిగతావాళ్ళ చూపుల్లోనూ అదే ప్రశ్న. అంతకాలం అందరినీ అనుమానించినదాన్ని, నన్ను అనుమానిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఎందుకు వచ్చేశావు?" అన్నారు కోచ్.

"మీరేగా కూకోమన్నారు," అన్నాను ఏడుస్తూ.

ఆయన వచ్చి నా పక్కన కూర్చుని విడమరిచి చెప్పారు. ఆయన జట్టులో "కూకో" అంటే మోకాళ్ళు వంచి, నడుం దించి, చేతులు చాపి, ఎదుటి మనిషిని వదలకుండా నిలబడడం. అవతలి జట్టుకు తెలియకూడదని వాళ్ళ అవ్వ మాటల్ని ఆటలోకి తెచ్చుకున్నారు. నేను ఒక్కదాన్నే షాట్లు వేసుకుంటున్న రోజుల్లో మిగతావాళ్ళంతా నేర్చుకున్నది అదే.

"తప్పు నాది," అని ఆయన పిల్లలతో ఇంగ్లీషులో చెప్పారు. "మనందరిలో ఆ మాటకి అర్థం తెలిసింది ఈమెకొక్కదానికే."

అప్పటికీ నేను నమ్మలేదు. పదిమందిలో పెద్దమనిషి అనిపించుకుని, వెనకనుంచి నా పేరు కొట్టేస్తారనుకున్నాను. తర్వాతి మ్యాచ్‌కి మొదటి ఐదుగురిలో నా పేరు చదివారు. చదివి, నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, "దిద్దు," అన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఛీ. అబ్బా. దిక్కుమాలిన లేసు. అన్నీ నేనన్నవే, పక్కన ఆయనకు తోచిన అర్థాలు. "అవ్వ పోయాక ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. నువ్వు సణిగితే అవ్వ వచ్చినట్టుంది," అన్నారు. నాకు సిగ్గేసింది. మొదటి పేజీలో ఇలా ఉంది: "కూకో. కిందకి దిగు, చేతులు చాపు, పోవద్దు." మిగతావన్నీ దిద్దాను. ఆ ఒక్కటి మాత్రం దిద్దకుండా ఇచ్చేశాను.

నిన్న చర్చిలో ఆయన శవపేటిక పక్కన మా పాత జట్టు పదకొండుమందిమి నిలబడ్డాం, కొందరు చీరల్లో, కొందరు నల్ల టోపీల్లో. అందరూ కూర్చోవాలని పాస్టరుగారు ఇంగ్లీషులో కోరారు. బెంచీలన్నీ నిండాయి. మేము కదల్లేదు. థాండి చిన్నగా, "కూకో," అంది.

మోకాళ్ళు వంచాం. నడుం దించాం. చేతులు చాపాం. నా కుడి మోకాలు కలుక్కుమంది. పాస్టరుగారు బైబిలు తెరిచి మావైపు చూస్తూ ఉండిపోయారు, ఆ తర్వాత ప్రార్థన మొదలుపెట్టారు. అది అయ్యేదాకా అలాగే ఉన్నాం. ఈసారి నేను గీత దాటి వెళ్ళలేదు.