అవ్వ చేతిలో నా ఆటో తాళం

పొద్దున మైకు కట్టిన ఆటోలో సర్కారు రికార్డు పెట్టుకుని నల్గొండ చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. "కరెంటు ప్లాంటు కాంట్రాక్టు విదేశీ కంపెనీకి ఖాయమైంది, ప్రజలకు శుభాకాంక్షలు" అని అది మోగుతోంది. ప్లాంటు కట్టబోయే ఊళ్లో ఒక అవ్వ అడ్డం వచ్చి ఆటో తాళం గుంజుకుంది.

"శుభాకాంక్షలు సరే కొడుకా, నా చెలక భూమి ఉంటదా, పోతదా? గది జెప్పు."

"నాకేమెరుక అవ్వా, నేను మైకు తిప్పెటోణ్ని."

"ఎరుక లేనోనివి గంత గట్టిగ ఎందుకు ఒర్రుతున్నవ్?"

పని అప్పజెప్పిన ఆఫీసరుకు ఫోన్ చేస్తే, "నువ్వేం మాట్లాడకు, రికార్డు పెట్టు" అన్నాడు. అవ్వ జొన్నరొట్టె పెట్టింది గానీ తాళం ఇవ్వలేదు. పొద్దుగూకినా ఆమె అరుగు మీదే ఉన్నాను. ఆ భూముల సంగతి తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. అవ్వ నా పక్కనే కూర్చుని ఫోన్ వైపే చూస్తోంది.