రింగు మూలన స్టూలు

ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివే రోజుల్లో మా హాస్టల్ పక్క గదిలో ఒక బాక్సర్ ఉండేవాడు. మా గదికి ఎవరొచ్చినా నేను ముందు ‘కూర్చో’ అనేవాణ్ణి. అతనికి పట్టుబడ్డ తెలుగు ఆ ఒక్క మాటే. ఇక దాన్ని వదల్లేదు. ఆకలేస్తోందన్నా, పరీక్ష పోయిందన్నా, భుజమ్మీద చెయ్యేసి ‘కూర్చో’ అనేవాడు.

అమెచ్యూర్ పోటీలు చాలించి అతను ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ పోటీల పద్ధతి ప్రకారం ఒంటిమీది బనియనూ, తలకు పెట్టుకునే కవచమూ పోయాయి. తొలి పోటీలో రింగు దగ్గర అతని మూలన నిలబడి, దెబ్బలకు ఐసు, వాసెలిన్ అందించే పని నాకిచ్చాడు. అది తెలిసి బాపట్లలో మా బాబాయి, “మావాడు బాక్సర్లకి డాక్టరండి!” అని టిఫిన్ హోటలంతా చెప్పుకున్నాడు.

రెండో రౌండు ముగిసేసరికి అతని కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది. అది చూసి కాబోయే డాక్టరుగారికి కళ్లు తిరిగాయి. అతను తన స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, నా మొహాన నీళ్లు కొట్టాడు. ఉన్న ఒక్క నిమిషం విశ్రాంతీ తను నిలబడే ఉన్నాడు. కోచ్ నన్ను తిడుతూనే అతని గాయం అదిమాడు. అతను గెలిచాడు.

ఇప్పుడు తెనాలిలో నాకో క్లినిక్ ఉంది. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన రోజు, పేషెంట్లను వదిలేసి లేచి నిలబడి అతనికి ఫోన్ చేశాను. ఎక్కడున్నావు, ఎలా ఉన్నావు అని వాళ్ల భాషలో అరిచాను. అవతల ఏవో పేలుళ్లు. వాటి మధ్యనుంచి తాపీగా, “కూర్చో” అన్నాడు.

ఎదురుగా ఉన్న రేపల్లె పెద్దావిడకి ఆ మాట వినబడింది. లేచి తన స్టూలు నావైపు జరిపింది.

“మనవాడేగా చెప్పేది, కూర్చో బాబూ.”

కూర్చున్నాను.