పదకొండు కోళ్ళు, ఒక దగ్గు

మా పిన్ని ఎవరినీ నమ్మదు. "సాయంత్రం వాన పడదని వార్తల్లో చెప్పారు, గొడుగు తీసుకెళ్ళండి" అని బాబాయికి చెప్పే మనిషి. ఆవిడ నమ్మేది పెరట్లో తిరిగే పదకొండు పెట్టల్ని. అవి కూడా కళ్ళెదుట ఉన్నంతసేపే. గోడ దూకి వచ్చే పక్కింటి పుంజు ఈ లెక్కలో లేదు.

పొద్దున్నే గూడు తలుపు తీసి, రెట్ట గీకి, నీళ్ళ గిన్నె తోమి, నూకలు చల్లుతుంది. తర్వాతే సిటీ బస్సు నడిపే బాబాయికి భోజనం డబ్బా, తొమ్మిదో తరగతి చదివే కూతురికి జడ. వాళ్ళిద్దరూ వెళ్ళాక దర్జీ కొట్టు నుంచి వచ్చిన చొక్కాలకి గుండీలు కుడుతూ కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఒక కన్ను సూది మీద, ఒక కన్ను పెరటి మీద. కోళ్ళకి వాటి గుణాన్ని బట్టి పేర్లు. మధ్యాహ్నం దాటితే గానీ గుడ్డు పెట్టనిది ఆలస్యం. మిగతావాటిని పొడిచేది గయ్యాళి. అందరి వెనకాలా తిరిగి ఎవరేం తింటున్నారో చూసేది పోలీసు. పిన్నికి అదంటే ప్రాణం. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఎనిమిది నెలల కిందట పిన్నికి పొడిదగ్గు పట్టుకుంది. మొదట్లో ఎవరూ లెక్కచేయలేదు. తర్వాత వెల్లకిలా పడుకోలేకపోయింది. ఆ తర్వాత, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని ఊపిరి కూడదీసుకోవడం మొదలుపెట్టింది. చివరికి మా అమ్మ, అంటే పిన్నికి అక్క, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను.

ఆయన పిన్నిని చూస్తూనే, "ఇంట్లో కోళ్ళున్నాయా?" అన్నాడు.

ఎండిన రెట్ట, ఈకల పొడి కొందరి ఊపిరితిత్తులకి పడవట. అలాగే పీలుస్తూ పోతే అవి గట్టిపడిపోతాయి, మళ్ళీ మెత్తబడవు. మూడు వారాలు కోళ్ళకి దూరంగా, వేరే ఇంట్లో ఉండాలి. దగ్గు తగ్గితే దోషం కోళ్ళది, వాటిని వదులుకోవాలి. తగ్గకపోతే ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి.

బయటికి రాగానే పిన్ని మొదలుపెట్టింది. "ఛాతీ మీద గొట్టం పెట్టకుండానే కోళ్ళ సంగతి ఎలా తెలిసింది ఆయనకి? ఎవరు చెవిలో ఊదారు?"

"నీ జడలో ఈక ఉందే" అంది అమ్మ.

పిన్ని ఈక తీసి చూసుకుంది గానీ నమ్మలేదు. మూడేళ్ళ కిందట బాబాయి ఒకసారి, "పెరట్లో స్కూటరుకి రేకుల షెడ్డు వేస్తే బాగుంటుంది" అన్నాడట. "అప్పట్నుంచీ చూస్తున్నాను. ఆయనకి నా కోళ్ళ మీద కన్నుంది. ఇప్పుడు డాక్టర్ని అడ్డం పెట్టుకున్నాడు" అంది.

మొత్తానికి ఆ మూడు వారాలకీ మా ఇంటికి వచ్చింది. వచ్చేముందు కోళ్ళని రెండుసార్లు లెక్కపెట్టి, కూతురి చేత ఒకసారి లెక్కపెట్టించి వచ్చింది.

రోజూ పొద్దున ఏడింటికి ఫోను. కూతురు ఫోను గూటి దగ్గర పెట్టాలి. పిన్ని కళ్ళు మూసుకుని వినేది. "ఆలస్యం పలికింది. గయ్యాళి. అదిగో, దాన్నెవరో తరుముతున్నారు, మీ నాన్నేనా?"

"నాన్న పళ్ళు తోముకుంటున్నాడమ్మా!"

"తోముకుంటూ తరమకూడదా?"

అయిదో రోజుకి పిన్ని మా మూడో అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కింది. ఆరో రోజు వెల్లకిలా పడుకుని గురక పెట్టింది. ఆ రోజు తను ఎన్నిసార్లు దగ్గిందో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలిగాను. ఏడో రోజు పొద్దున ఫోను మోగింది. పిన్ని "హలో" అని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఖళ్ళుఖళ్ళుమని దగ్గింది. పెట్టేశాక నింపాదిగా టీ తాగింది.

ఎనిమిదో రోజూ అంతే. ఫోను మోగితేనే దగ్గు. అమ్మ "ఎలా ఉందే?" అని అడిగితే స్నానాల గదిలోకి వెళ్ళి దగ్గి వచ్చేది. నేను చూస్తున్నానని గమనించి, "ఏమిటలా చూస్తావ్? పుస్తకం చదువుకో" అంది.

"పిన్నీ, దగ్గు తగ్గలేదంటే ముక్క తీస్తారు కదా."

"తియ్యనీ. చిన్న ముక్కేగా. కోళ్ళు పదకొండు."

ఆ సంగతి నేను అమ్మకి చెప్పాలనుకుని కూడా చెప్పలేదు. చెబితే పిన్ని నన్నూ బాబాయి కుట్రలో కలిపేస్తుంది.

పదో రోజు ఫోనులో పోలీసు పలకలేదు.

"పోలీసు ఏదే?"

అవతల కాస్త ఆలస్యంగా, "గుడ్డు పెడుతోందమ్మా."

"అది పెట్టేది తొమ్మిది తర్వాత. ఏదీ, మీ నాన్నకివ్వు."

"నాన్న డ్యూటీకి వెళ్ళాడు."

"మరి వెనకాల గొంతు సవరించుకుంటున్నది ఎవరు? స్కూటరా?"

పదకొండో రోజూ పోలీసు పలకలేదు. పన్నెండో రోజు అమ్మ స్నానానికి వెళ్ళగానే పిన్ని చెప్పులేసుకుంది. "నువ్వు సాక్ష్యానికి రా. నా పోలీసుని కోసుకు తిన్నారు. ఈకలైనా దొరుకుతాయి."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా బాబాయిని అడగాల్సిన ప్రశ్నలు గొణుక్కుంది. పది గంటలకి ఇంట్లోకి వెళ్ళి, ఎవరినీ పిలవకుండా, తిన్నగా పెరట్లోకి నడిచింది. వద్దన్నాను. వినలేదు. గూట్లోకి నడుం దాకా దూరి, గడ్డి కెలికి, మూలలు తడిమి, దుమ్ము రేపి లెక్కపెట్టింది. పది.

ఆ రోజు తనకి వారపు సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్న బాబాయి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని చీపురుతో వచ్చాడు. పిన్నిని చూసి చీపురు వదిలేశాడు.

"పోలీసు ఏదండీ?"

బాబాయి ఆవిణ్ణి మెట్ల కిందికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన పాత యూనిఫాం చొక్కా పరిచిన బట్టల గంపలో, తొమ్మిది గుడ్ల మీద పోలీసు రెక్కలు విప్పి కూర్చుని ఉంది. పొదిగే కోడి పలకదు. పిన్ని చెయ్యి పెట్టగానే పొడిచింది.

"ఈ మాట ఫోనులో చెప్తే ఏం పోయింది?" అంది పిన్ని. గొంతులో ఊపు తగ్గింది.

"చెప్తే ఆ పూటే బస్సెక్కుతావని. నీ కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదనుకునే రకానివి."

పిన్ని వేలు చెంగుతో తుడుచుకుంది. మధ్యాహ్నం దాకా పోలీసు పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కూతురు బడి నుంచి వచ్చే సరికి పిన్నికి చలి మొదలైంది. దుప్పటి కప్పుకుంది. సాయంత్రానికి దగ్గు వచ్చింది. చెంగు అడ్డం పెట్టుకునే వ్యవధి ఇవ్వలేదు. మంచం కోడు పట్టుకుని వంగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పొయ్యి మీద పెనంలా ఒళ్ళు కాలిపోతోంది. కూతురు వీపు రాస్తూ ఏడ్చింది.

బాబాయి నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి, దగ్గు కాస్త ఆగాక, నెమ్మదిగా అన్నాడు. "ఇదీ నీ దగ్గు. ఫోనులో దగ్గింది నీది కాదు."

పిన్ని తలెత్తింది.

"ఎనిమిది నెలలు పక్కన పడుకుని విన్నాను. నాకు తెలియదా? తగ్గిందని అప్పుడే అర్థమైంది. మూడు వారాలు గడిచాక అడుగుదామని ఊరుకున్నాను."

"అయితే నన్ను అనుమానించారన్న మాట" అంది పిన్ని ఆయాసపడుతూ.

బాబాయికి నవ్వొచ్చింది. పిన్నికి రాలేదు.

ఆ వారమే డాక్టరు దగ్గర పిన్ని తనే అంతా చెప్పింది, ఫోను దగ్గుతో సహా. మూడు వారాల పరీక్ష ఒక్క పూటలో తేలిపోయిందన్నాడాయన. మళ్ళీ మా ఇంటికే తిరిగొస్తూ నాతో, "ఈసారి ఆయనకి ఊదింది నేనే. ఇంకెవర్ని అనాలి?" అంది. కోళ్ళని పంపించేయమని మళ్ళీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరికివ్వాలన్నది మాత్రం తనే తేలుస్తానంది.

గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చిన మర్నాడు బాబాయి తన డిపోలో పనిచేసే, కోళ్ళు కావాలన్న ఒక కండక్టర్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. పొడుగ్గా, బిడియంగా ఉన్నాడు. పిన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మీ ఇంట్లో కోడికూర ఎన్నాళ్ళకోసారి?"

"మేం తినం వదినా. గుడ్డు కూడా ముట్టం."

పిన్ని కళ్ళు చిన్నవయ్యాయి. "తినేవాళ్ళు అడిగారంటే అర్థముంది. తిననివాడికి కోళ్ళెందుకు? ఎవరికైనా ఇచ్చేస్తావా?"

"అయ్యో, కాదు వదినా." అతను టోపీ చేతుల్లో తిప్పాడు. "మా నాన్న పోయి ఏడాదైంది. మా అమ్మకి పొద్దున లేవగానే ఎవరినో ఒకరిని తిట్టాలి. ముప్పై ఏళ్ళ అలవాటు. నన్ను తిడదామంటే నేను అయిదింటికే డ్యూటీకి పోతాను. ఊరికే గోడకేసి చూస్తూ కూర్చుంటోంది."

అమ్మ టీ తెచ్చి పెట్టింది. పిన్ని ఒక కప్పు అతని వైపు జరిపింది.

"మీ అమ్మ గట్టిగానే తిడుతుందా?"

"నాలుగు ఇళ్ళ అవతలికి వినిపిస్తుంది వదినా."

"గయ్యాళిని రోజూ తిట్టాలి. లేకపోతే మిగతావాటిని బతకనివ్వదు" అంది పిన్ని. "పిల్లలతో కలిపి అన్నీ ఒకే రోజు తీసుకెళ్ళు. విడదీస్తే ఊరుకోను."