రెండో వరసలో మూడో సీసా

"నీకు చదువు రాదు కదయ్యా, ఏ సీసాలో ఏముందో నీకెలా తెలుస్తోంది?"

పదకొండేళ్ల కిందట విశ్వేశ్వరరావు మాస్టారు ఈ మాట అడిగినప్పుడు నర్సయ్య చేతిలో లెడ్ నైట్రేట్ సీసా ఉంది. మాస్టారు తెమ్మన్నది కూడా అదే. సీసా మీద కాగితం అంటించి ఇంగ్లిషులో ఏదో రాసి ఉంది. అది నర్సయ్య కంటికి చీమల బారు.

"జాగ యాదున్నది సార్. రెండో వరసల మూడోది," అన్నాడు.

మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఆయనకు కావలసింది సీసాలు అందించే మనిషి. దొరికాడు.

కొత్తగూడ ఫ్లైఓవర్‌ని ఆనుకుని ఉన్న ఇంటర్ కాలేజీ అది. కింద సోఫాల దుకాణం, దాని మీద నాలుగంతస్తుల నిండా పిల్లలు, అన్నిటికీ పైన రేకుల కింద కెమిస్ట్రీ ల్యాబ్. పరిగి దగ్గర పల్లె నుంచి వచ్చి ఆ భవనానికే ఇటుకలు మోసిన నర్సయ్య, కట్టడం అయ్యాక అక్కడే వాచ్‌మన్‌గా మిగిలిపోయాడు. భార్య లక్ష్మమ్మ హైటెక్ సిటీలో ఓ కంపెనీ బిల్డింగులో నేల తుడిచేది.

మాస్టారు కోస్తా జిల్లాలో ప్రభుత్వ కాలేజీలో పనిచేసి రిటైరైన మనిషి. లవణ విశ్లేషణలో పరీక్షలు ఏ వరసలో చేస్తారో సీసాలూ అదే వరసలో పెట్టించారు. మొదట అమ్మోనియం, తర్వాత లెడ్, అలా అలా చిట్టచివర మెగ్నీషియం. దాంతో అక్షరమ్ముక్క రాని నర్సయ్యకు ఇంటర్ ప్రాక్టికల్స్ సిలబస్ మొత్తం ఒక అలమారా రూపంలో అబ్బింది.

ఇక్కడ కొందరికి కళ్లు చెమ్మగిల్లుతాయి. చదువు లేకున్నా ఎంత జ్ఞానమో అంటారు. నర్సయ్యకు జ్ఞానమేమీ లేదు. లెడ్ నైట్రేట్ నీళ్లలో అయొడైడ్ పోస్తే పచ్చగా పసుపు దిగుతుందని తెలుసు. ఎందుకు దిగుతుందో తెలియదు, తెలుసుకోవాలని ఏనాడూ అనిపించలేదు. అతనికి ఉన్నది జ్ఞాపకం, దాన్ని అమ్ముకునే ఉపాయం. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎవరికి ఏ లవణం వచ్చిందో చెవిలో చెప్పడానికి తలకు రెండు వందలు ఫోన్‌లో వేయించుకునేవాడు. రోహిత్ అనే కుర్రాడు వందకు బేరమాడితే తప్పు పేరు చెప్పి పంపాడు. వాడికీ ముప్ఫైకి ముప్ఫై మార్కులు పడ్డాయి. అందరికీ అంతే పడతాయి. ఆ సంగతి పిల్లలకు చెప్పేంత వెర్రివాడు కాదు నర్సయ్య.

మాస్టారు అతనికి నేర్పిన సూత్రం మాత్రం ఒకటుంది. "యాసిడ్ పల్చన చెయ్యాలంటే నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, కొంచెం కొంచెంగా. యాసిడ్‌లో నీళ్లు పోశావో, పొంగి మొహం మీదకొస్తుంది. ఇంకేం గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకో."

లిఫ్టు లేని అంతస్తులు మోకాళ్లను తినేయడంతో మాస్టారు మానేశారు. ఆ తర్వాత ల్యాబ్‌లోకి లెక్చరర్ అనేవాడు ఎక్కలేదు. కెమిస్ట్రీ అంటే ఎంట్రన్స్ బిట్లు, అవి క్లాసులోనే అయిపోతాయి. ల్యాబ్ తలుపు ఏడాదికి పది రోజులు తెరిచేవారు, తెరిచేది నర్సయ్య. వాచ్‌మన్ జీతానికే ల్యాబ్ పనీ చేస్తున్నందుకు ఒకసారి చైర్మన్ సోమేశ్వరరావును ఎక్కువ అడిగాడు.

"జీతం పెంచితే అందరూ అడుగుతారయ్యా," అన్నాడాయన. "మీ అమ్మాయి టెన్త్ అయిపోయిందిగా? మన దగ్గరే చేర్చు. ఫీజు సంగతి నేను చూసుకుంటాను."

కాగితం రాయలేదు. రాసినా నర్సయ్య చదవలేడు. కూతురు స్రవంతి బైపీసీలో చేరింది. "కాలేజీల నేను నీకేం కాను," అని తండ్రే చెప్పాడు. "వాచ్‌మన్ బిడ్డ అంటే ఎనక బెంచీల కూసోబెడ్తరు." అలాగే రెండేళ్లు గేటు దగ్గర ఒకరినొకరు చూడకుండా నడిచారు. ఆ పిల్ల ఫార్మసీ చదవాలనుకుంది. మార్కులు కూడా ఆ మాటకు తగ్గట్టే వచ్చేవి.

ఆమె రెండో సంవత్సరం జనవరిలో ఇంటర్ బోర్డు నుంచి తనిఖీ వాళ్లు వస్తున్నారని తెలిసింది. చైర్మన్ కొడుకు హేమంత్ ఎంబీఏ చేసి కాలేజీ చూసుకుంటున్నాడు. ల్యాబ్ చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటి, పాత కిరాణా కొట్టులా ఉంది? సూపర్‌మార్కెట్‌లా ఉండాలి. ఏ టు జెడ్ పెట్టించండి."

ఆ ఆదివారం గోపన్‌పల్లిలో చైర్మన్ కొత్త విల్లా గృహప్రవేశం. కార్లు పెట్టించడానికి నర్సయ్యను అక్కడికి పంపారు. సోమవారం వచ్చి ల్యాబ్ తలుపు తీస్తే ఎనభై నాలుగు సీసాలూ కొత్తవి. అన్నీ ఒకే సైజు, ఒకే గోధుమరంగు, కొత్త లేబుళ్లు, ఇంగ్లిషు అక్షరాల వరస.

"జాగలన్నీ మారినయి సార్," అన్నాడు హేమంత్‌తో. "నాకు ఇగ ఏదీ దొరకదు."

"లేబుల్ చదువుకో," అని ఒక్క క్షణం ఆగి, "ఓ, సారీ," అని నవ్వాడు హేమంత్. తెల్లకోటు ఒకటి, బ్యాడ్జి ఒకటి చేతిలో పెట్టాడు. "రేపటికి నువ్వు ఎం. నర్సయ్య, బీఎస్సీ, ల్యాబ్ అసిస్టెంట్. నిలబడు, అంతే. నోరు తెరిచావో, మీ అమ్మాయి ఫీజు గుర్తు తెచ్చుకో."

ఇంట్లో స్రవంతి ముందు ఆ బ్యాడ్జి, ల్యాబ్‌లోంచి తెచ్చిన సీసాల జాబితా పెట్టి, పేర్లు కొత్త వరసలో చదివి వినిపించమన్నాడు.

"ఎనభై నాలుగు ఒక్క పూటల యాదికుంటయా నాయినా? నోరు మూసుకోని నిలబడు, సాలు. రేపు మా క్లాసోల్లను గూడ ల్యాబుల నిలబెడ్తున్రు. నేను ఆడనే ఉంట."

"తెల్లకోటు మంచిగున్నది," అంది లక్ష్మమ్మ. "ఫోటో తీయించుకో."

తనిఖీకి ముగ్గురొచ్చారు. వాళ్లలో బట్టతలాయన కాస్త హుషారు మనిషి. ఏదైనా ప్రయోగం చూపించమన్నాడు. కెమిస్ట్రీ లెక్చరర్ అవినాష్ ముందుకొచ్చాడు. బిట్టు చదవకముందే జవాబు చెప్పే కుర్రాడు, ల్యాబ్‌లో అడుగుపెట్టడం మాత్రం ఆ కాలేజీలో అదే మొదటిసారి. సల్ఫ్యూరిక్ యాసిడ్ పల్చన చేసి చూపిస్తానని, పెద్ద బీకరులో సగందాకా యాసిడ్ వంపాడు. అది నూనెలా చిక్కగా జారడం నర్సయ్య చూశాడు. లేబుల్ అక్కర్లేదు, అది నీళ్లు కలవని యాసిడ్. అవినాష్ రెండో చేత్తో నీళ్ల జగ్గు ఎత్తాడు.

నర్సయ్య నోరు మూసుకున్నాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు మూసుకునే ఉన్నాడు. అవినాష్ మొహం కాలితే అది అవినాష్ ఖర్మ. అప్పుడు బల్లకు అవతల, బీకరుకు జానెడు దూరంలో, బాగా కనబడాలని వంగి చూస్తున్న పిల్ల కనిపించింది. స్రవంతి.

"ఆగుర్రి సార్! యాసిడ్ల నీళ్లు పొయ్యొద్దు!"

జగ్గు గాలిలోనే ఆగింది. ముందు తేరుకున్నవాడు అవినాషే. "గుడ్," అన్నాడు జగ్గు దించుతూ. "స్టూడెంట్స్ ఎవరైనా ఆపుతారేమోనని కావాలనే చేశానండి."

బట్టతలాయన అవినాష్‌ను వదిలేసి బ్యాడ్జి వైపు చూశాడు. "బీఎస్సీ అన్నమాట. ఎందుకు పొయ్యకూడదో చెప్పు బాబూ."

"పొంగి మొకం మీద పడ్తది సార్."

"అదే, ఎందుకు పొంగుద్ది?"

నర్సయ్య హేమంత్ వైపు చూశాడు. హేమంత్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"పోనీలే. ఆ అలమారాలో రెండో వరస, మూడో సీసా ఏంటో చదివి చెప్పు."

నర్సయ్య ప్రాణం లేచొచ్చింది. ఎనభై నాలుగింటిలో ఆయన అడిగింది దాన్నే! పదకొండేళ్లుగా చేతికి అలవాటైన జాగ. భయంలో నిన్నటి సంగతి బుర్రలోంచి జారిపోయింది. "లెడ్ నైట్రేట్ సార్," అన్నాడు గట్టిగా. అక్కడితోనైనా ఆగలేదు. "అండ్ల అయొడైడ్ పోస్తే పచ్చగ పసుపు దిగుతది."

బట్టతలాయన వెళ్లి సీసా తీసి, అందరికీ కనబడేలా తిప్పి పట్టుకున్నాడు. కాల్షియం కార్బొనేట్.

"సుద్ద ఇది! సుద్దలోంచి పసుపు తీస్తాడంట మన బీఎస్సీ!"

అందరూ నవ్వారు. అవినాష్ నవ్వాడు, హేమంత్ నవ్వాడు, బల్లల వెంట నిలబెట్టిన నలభై మంది పిల్లలు నవ్వారు. స్రవంతి కూడా నవ్వింది. పక్కపిల్ల భుజం మీద చెయ్యి వేసి మరీ నవ్వింది. అలమారా పాత వరసలోనే ఉండి ఉంటే ఆ రోజు నర్సయ్య బీఎస్సీ పాసయ్యేవాడు.

తనిఖీ వాళ్లను మదీనాగూడలో మంచి హోటల్‌కి భోజనానికి తీసుకెళ్లారు. బిర్యానీ అయ్యేసరికి ల్యాబ్ అన్ని విధాలా బాగున్నట్టు రిపోర్టు తయారైంది. దానికి ఎంతయిందో హేమంత్ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నర్సయ్యను పిలిచి మాత్రం ఇంకో లెక్క చెప్పాడు. "రెండేళ్ల ఫీజు లక్షా ముప్ఫై వేలు. డాడీ మాట ఇచ్చారో లేదో నాకు తెలీదు. కాగితం ఉంటే తీసుకురా."

చైర్మన్ దగ్గరికి పోతే ఆయన పూజలో ఉన్నాడన్నారు. మూడు రోజులు పూజలోనే ఉన్నాడు.

అవినాష్‌ను అడిగాడు. "ఆనాడు మీ మొకం నేనే కాపాడిన గద సార్. జర పెద్దసారుకు ఓ మాట చెప్పున్రి."

"నేను కావాలనే చేశానని అప్పుడే చెప్పాను కదా నర్సయ్యా," అన్నాడు అవినాష్. ఆ వారమే క్లాసులో యాసిడ్ సూత్రం చెబుతూ, వాచ్‌మన్‌కి కూడా తెలిసిన విషయం మీకు తెలియదా అని పిల్లలను తిట్టాడు. మొదటి బెంచీలో స్రవంతి నోట్సు రాసుకుంది.

లక్ష్మమ్మ చిట్టీ ఎత్తిన నలభై ఐదు వేలు కట్టారు. మిగతాదానికి ఫిబ్రవరి నుంచి నర్సయ్య జీతంలో నెలకు రెండున్నర వేల కోత మొదలైంది. తెల్లకోటు వెనక్కి తీసుకున్నారు. స్రవంతికి కెమిస్ట్రీలో అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి. కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీలో ఆమె ఫొటో కూడా పెట్టారు. దాన్ని నిచ్చెనెక్కి కట్టింది నర్సయ్యే.

అక్టోబరులో ఫార్మసీ సీటొచ్చింది. శుక్రవారంలోగా ఒరిజినల్ మెమో, టీసీ తీసుకుని వచ్చి చేరాలి. తండ్రీకూతుళ్లు మొదటిసారి కలిసి ఆఫీసుకు వెళ్లారు. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫైలు తీసి చూసింది. "డ్యూ ఉందండి. క్లియర్ చేస్తే ఇచ్చేస్తాం," అంది. తర్వాత తలెత్తి, "ఓ, ఈయన మీ ఫాదరా?" అని ఆశ్చర్యపోయింది.

"నువ్వు ఆనాడు నోరు మూసుకోని ఉంటే అయిపోతుండె," అంది స్రవంతి మెట్లు దిగుతూ.

"నీ మొకం మీద పడుతుండె బిడ్డా."

"పడనియ్యకపోయినవా! మెమో అయితే నా చేతిల ఉంటుండె."

శుక్రవారం గడిచింది. సీటు ఇంకెవరికో వెళ్లింది. స్రవంతి మదీనాగూడలో ఓ మెడికల్ షాపు కౌంటర్లో చేరింది. అక్కడ మందులు ఏ టు జెడ్ ఉంటాయి కాబట్టి ఆమెకు ఇబ్బందేం లేదు. నర్సయ్య కాలేజీ మానలేదు, మానితే మొత్తం ఒకేసారి కట్టమంటారు. మెమో, టీసీ ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. అక్టోబరు కోత పోను నర్సయ్య కాలేజీకి ఇంకా అరవై రెండు వేల ఐదు వందలు బాకీ.