చప్పిడి నెల

ఇవాళ పొద్దున ఆరూ నలభైకి ల్యాబు నుంచి వచ్చిన అమ్మాయి నా ఎడమ మోచేతి వంపును స్పిరిట్ దూదితో తుడిచి, చిన్న గాజు గొట్టం నిండా రక్తం తీసుకుని, చీటీ మీద నా పేరు రాసుకుని వెళ్ళిపోయింది. మూడు నెలలకోసారి జరిగేదే. రక్తంలో లిథియం ఎంత ఉందో చూస్తారు. తక్కువైతే మనసు జబ్బు తిరగబెడుతుంది, ఎక్కువైతే మనిషికే ప్రమాదం. చాలా ఏళ్ళుగా ఆ మాత్ర వేసుకుంటున్నాను. మా అమ్మకు ఇచ్చిందీ అదే. స్పిరిట్ వాసన తగిలిన రోజు నాకు ఇంకో పని సాగదు. చిత్తూరులో మేమున్న ఇల్లు గుర్తుకొస్తుంది.

అవి డెబ్భైల చివరి రోజులు. నాయన బెల్లం మండీలో కాటా దగ్గర పనిచేసేవాడు. చలికాలం గానుగలు ఆడే రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి బెల్లం బండ్లు వరుసగా వచ్చి మండీ వీధిలో నిలబడేవి. ఎద్దుల మెడగంటలు, ఈగల రొద, చెరుకు పిప్పి మండిన పొగ, కాగిన బెల్లం వాసన అన్నీ కలిసి నాయన చొక్కాతో పాటు ఇంట్లోకి వచ్చేవి. ఆయన జేబులో ఎప్పుడూ ఒక బెల్లం గడ్డ ఉండేది, దానికి దారప్పోగులు అంటుకుని ఉండేవి. వాటిని ఏరి పారేసి నేను చప్పరించేదాన్ని. అవ్వ, అంటే నాయన తల్లి, వాకిట్లో కూర్చుని చింతకాయలు కొట్టేది. అమ్మ పెట్టే ముగ్గు చూడడానికి పక్క వీధి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆమె చుక్కలు లెక్కపెట్టేది కాదు. చెయ్యి ఎత్తకుండా గీసుకుంటూ పోయేది.

అయితే ఇదంతా అమ్మ బాగున్న నెలల్లో సంగతి. బాగలేని నెలలు రెండు రకాలుగా వచ్చేవి. ఒక రకంలో ఆమె చాప మీద గోడవైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు, నీళ్ళు పోసుకునేది కాదు. నేను ఆమె తల వెనక కూర్చుని అట్టలు కట్టిన జుట్టు దువ్వేదాన్ని. ఆ నెలలు మొదలయ్యే ముందు ఊరికే భయపడేది. నాయన మండీ నుంచి కొంచెం ఆలస్యంగా వస్తే గడప దగ్గర నిలబడి చెమటలు పట్టి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "గుండికాయ బయటికొస్తా ఉండాది పాపా" అనేది. ఇంకో రకంలో నిద్ర ఉండేది కాదు. పొద్దునకల్లా వీధి మొత్తానికి సరిపడా మురుకులు కాల్చి దారినపోయే వాళ్ళకు పంచేది. పట్టుచీర కట్టుకుని రైల్వే స్టేషనుకు నడిచిపోయేది. అడ్డం వచ్చిన నాయనను వీధిలో అందరి ముందూ తిట్టేది. ఆ తిట్లు విని నవ్విన పిల్లలతో నేను మళ్ళీ ఎప్పుడూ అచ్చనగాయలు ఆడలేదు.

ఎందుకొచ్చిందో అప్పుడు ఎవరికీ తెలియదు. తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఏమిటంటే, ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఒక్కదాన్ని చూపించలేం. వంశంలో వచ్చేది కొంత, మీద పడ్డ దెబ్బ కొంత. అమ్మ చిన్నాయన ఒకాయన ఇలాగే ఉండి బావిలో దూకాడు. నా తర్వాత పుట్టిన తమ్ముడు పదకొండో రోజు పోయాడు. అమ్మ మొదటిసారి గోడవైపు తిరిగింది ఆ తర్వాతే. మా వీధిలో మాత్రం గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు, సోది అడిగారు, వేపమండలతో కొట్టారు. కొట్టించుకుంటూ అమ్మ నావైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

చివరికి మండీలో ఎవరో చెబితే నాయన అమ్మను వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎండాకాలం సెలవులు కావడంతో నేనూ వెళ్ళాను. అక్కడ రోగితో పాటు ఇంటివాళ్ళు కూడా ఉండి వండుకోవాలి. మూడు వారాలున్నాం. పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఇంకో ఆమె ఉంది. లోకంలో మా అమ్మ ఒక్కతే ఇలా లేదని నాకు తెలిసింది అప్పుడే. తిరిగి వచ్చేరోజు డాక్టరు మాకు అర్థం కావాలని తెలుగూ అరవమూ కలిపి చెప్పాడు. "మాత్ర మానకూడదు. రక్తం పరీక్షకు రావాల. నీళ్ళు బాగా తాగాల. ఉప్పు కమ్మి చేయొద్దు, తగ్గించొద్దు. వాంతులూ వణుకూ వస్తే వెంటనే రండి." నాయన తల ఊపాడు. వాటిలో మొదటి మాట ఒక్కటే ఆయన మనసులో గట్టిగా పడింది.

తర్వాత ఏడాదికి పైగా మా ఇంట్లో మామూలు రోజులు నడిచాయి. అమ్మ లేచింది, వండింది, తిట్టాల్సినప్పుడే తిట్టింది. వేళ్ళు సన్నగా వణికేవి, అంతే. ముగ్గు గీత కొంచెం అలలాగా వచ్చేది. నాయన రోజూ రెండుపూటలా మాత్ర తానే తీసి ఇచ్చి, మింగిందాకా నిలబడేవాడు.

అవ్వకు ఒక మొక్కు ఉంది. కోడలు లేచి తిరిగితే పెరటాసి నెల మొత్తం ఇద్దరూ ఉప్పు లేకుండా తిని, అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని అమ్మ పడకలో ఉన్నప్పుడు మొక్కింది. పెరటాసి అంటే అరవ లెక్కన సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే వెంకటేశ్వరస్వామి నెల, మా పక్క పిల్లలకు పండగ నెల. శనివారం పొద్దున్నే చెంబుకు నామం పెట్టుకుని గోవిందా అని అరుస్తూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొచ్చేవాళ్ళం. ఆ బియ్యంతోనే తళిగ. అరిటాకు మీద స్వామికి పులిహోర, మిరియాల వడలు, చక్కెర పొంగలి పెట్టి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన దీపం వెలిగించేవాళ్ళు. దీపం కొండెక్కినాక నెయ్యి ఇంకి మాడిన ఆ పిండి ముక్క కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

అమ్మ పూర్తిగా తేరుకుందని నమ్మకం కుదిరిన రెండో ఏడు, పెరటాసి మొదటి రోజున అవ్వ రెండు కుండలు పెట్టింది. ఒకటి చప్పిడిది. ఎదురింటి మునెమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"కోడలి దగ్గిర ఉప్పు మానిపించి నువ్వు సాటుగా ఊరగాయ నాకతా ఉంటావేమో?"

"రా మే, నా నోరు సూద్దువు రా," అని అవ్వ నాలుక బయటపెట్టింది. అమ్మ కూడా నవ్వింది.

నేను అన్నాను. "అవ్వా, డాక్టరు ఉప్పు కమ్మి చేయొద్దన్నాడు గదా."

"ఆ డాక్టరుకు పత్యం తెల్సా? మీ నాయనకు కామెర్లొచ్చినబ్బుడు నేను ఉప్పు పెట్టింటే ఈ పొద్దు నువ్వు యాడుండేదానివి? మందుకు చప్పిడి తోడైతే బిరీన పనిచేస్తాది."

అది ఆమె కళ్ళారా చూసిన సంగతే. పసరు మందు తాగించి, నలభై రోజులు చప్పిడి పెట్టి కొడుకును బతికించుకుంది. అమ్మ నా తల నిమిరి, "ఒక్క నెలే గదా పాపా. అవ్వ నాకోసరం ఎంత సేసింది," అంది. నాయన, "మాత్ర మటుకు మానొద్దు," అన్నాడు. నేను ఒక్కసారే చెప్పాను. అవ్వ నా ఆకు అంచున చిటికెడు ఉప్పు వేసింది. నేను అన్నంలో కలుపుకుని తిన్నాను.

రెండో వారానికి అమ్మ ముగ్గుపిండి పట్టుకోలేకపోయింది. మూడో వారం విరేచనాలు పట్టుకున్నాయి. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. చప్పిడి తిండి నీరసం అన్నారు. నాయన మాత్రలు చూసుకున్నాడు, ఒక్కటి కూడా తప్పలేదు. అది చాలనుకున్నాడు. శరీరంలో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు ఆ మందును కూడా ఉప్పులాగే బయటికి వదలకుండా పట్టుకుంటాయని, ఇచ్చిన ప్రతి మాత్రా లోపలే నిలిచి విషమవుతుందని మాకు తెలియదు.

నాలుగో శనివారం అలిపిరిలో కొబ్బరికాయ కొట్టి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాం. ఎండ కాస్తోంది, జనం విరగబడి ఉన్నారు. అమ్మ కాలు ఒక మెట్టు మీద పెట్టబోతే ఇంకోచోట పడుతోంది. మాతో వచ్చిన మునెమ్మ, "ఏందిమే, కల్లు తాగినదాని మాదిరి తూలతా ఉండావు? సామి సూస్తే నిన్ను కిందికి తోలేస్తాడు," అంది. అమ్మ ఏదో జవాబు చెప్పింది. మాట ముద్దగా వచ్చి ఎవరికీ అర్థం కాలేదు. గాలిగోపురం దగ్గర కూలబడింది. నేను నీళ్ళు పట్టిస్తుంటే నన్ను చూసి, "ఈ పాప ఎవురిది?" అని అడిగింది.

ఆ తర్వాత చేతులూ భుజాలూ ఎగరడం మొదలైంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పూనకం అనుకున్నారు. గోవిందా అని కేకలు వేశారు, ఒకామె కర్పూరం వెలిగించింది, ఒకామె అమ్మ నుదుట పసుపు పూసి తన బిడ్డకు పెళ్ళెప్పుడవుతుందని అడిగింది. అవ్వ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ జోడించి, "ఏం తప్పు సేసినాం సామీ, సెప్పు సామీ," అని ఏడ్చింది. నాయన అందరినీ తోసుకుని వచ్చి అమ్మను భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నేను ఆయన వెనకే పరిగెత్తాను. అమ్మ చెయ్యి ఆయన వీపు మీద ఎగిరెగిరి పడుతోంది.

తిరుపతిలో డాక్టరు మాత్ర పేరు చూసి, సెలైను పెట్టించి, వెంటనే వేలూరుకు పంపించాడు. అమ్మ అక్కడ మూడు రోజులు ఉంది. కళ్ళు తెరవలేదు. మూడో రోజు పొద్దున పోయింది. మా పాత డాక్టరు నాయనను కూర్చోబెట్టి ఏం తిన్నదని అడిగాడు. నాయన చెప్పాడు. డాక్టరు తన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత ఉప్పు సంగతి మెల్లగా, ఒక్కొక్క మాటా విడిగా చెప్పాడు. నేను నాయన పక్కనే నిలబడి అంతా విన్నాను.

అమ్మను తీసుకుని చిత్తూరు వస్తుంటే దారిలో నాయన ఒకే మాట అన్నాడు.

"అవ్వకు సెప్పొద్దు పాపా. ఉప్పని తెలిస్తే ఆమె కూడా పోతాది."

చెప్పలేదు. అవ్వ తనంతట తానే ఒక కారణం వెతుక్కుంది. కొండ పైదాకా పోలేదు, మిగిలిన ఐదో శనివారం జరగలేదు, అందుకే స్వామి కోడలిని తీసుకుపోయాడని. ఆ బాకీ తాను తీర్చాలనుకుని మరుసటి ఏడు పెరటాసి మొత్తం మళ్ళీ ఉప్పు మానేసింది. నాయన కూడా ఆమె కుండలోదే పెట్టుకుని తిన్నాడు. అలా తొమ్మిదేళ్ళు. ప్రతి ఏడూ వాళ్ళిద్దరూ తల వంచుకుని చప్పిడి అన్నం తినడం నేను ఎదురుగా కూర్చుని చూశాను. చెబితే ఆమె చస్తుంది. చెప్పకపోతే చంపిన పనినే పుణ్యమనుకుని చేస్తుంది. నాకు మూడో దారి కనిపించలేదు. ఇప్పటికీ కనిపించలేదు. ఇరవై దాటాక నేను కూడా గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, ఆ గోడ మీద నాకు కనిపించింది అమ్మ ముఖం కాదు, ఆ ఇద్దరి వంచిన తలలు.

చివరి పెరటాసిలో అవ్వకు చూపు ఆనేది కాదు. నా చెయ్యి వెతికి పట్టుకుని, "మీయమ్మ మొక్కు తీరింటాదా పాపా?" అని అడిగింది.

"తీరింది అవ్వా," అన్నాను.

ఆ దీపావళికి ముందే ఆమె పోయింది. తర్వాత ఏడు నాయన ఒక్కడే చప్పిడి వండుకోబోతే నేను కుండ లాక్కున్నాను. ఆ ఏటి నుంచి మా ఇంట్లో పెరటాసికి ఎవరూ ఉప్పు మానరు.