మల్లేశన్న చదివిన కట్నాలు

నిన్న సౌదీలోని ధహ్రాన్‌లో నా బస్సు కడిగే మనిషి ఖాళీ రంగు డబ్బాను బోర్లించి వేళ్లతో వాయించాడు. ఆ చప్పుడు వినగానే నా నోటి నుంచి "ఔ మల్ల!" అని దానంతటదే వచ్చింది. ఆ బంగ్లాదేశీ నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. అప్పట్లో రాస్ తనూరా కూలీల క్యాంపులో మల్లేశన్న డబ్బా కొట్టి కథ చెబితే వంత పలికింది నేనే. జగిత్యాల సాయిబు ఒగ్గుకథకు వంత పలికాడంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు.

మల్లేశన్నది కోరుట్ల దగ్గరి పల్లె. ఒగ్గుకథ చెప్పే ఇంట్లో పుట్టి, ఇక్కడ ఇనుప పైపులతో పరంజాలు కట్టేవాళ్లకు ఫోర్‌మన్ అయ్యాడు. ఎంత ఎత్తయినా ముందు తాను ఎక్కి ఊపి చూశాకే ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు. నేను క్యాంపు బస్సు డ్రైవర్ని. పని వదిలేదాకా ఊరికే కూర్చోలేక ఫోన్‌లో ఒక ఇంగ్లీషు సీరియల్ చూసేవాణ్ణి. పెద్ద కంపెనీ తీసింది కాదు, ఎవరో కొందరు తలా ఇంత వేసుకొని సొంతంగా తీశారట. అమెరికాను ఇంగ్లీషు రాజు ఏలిన కాలం నాటి కథ. విలియం అనే పేదవాడు ఓడ కిరాయి కట్టలేక, కొన్నేళ్లు పొగాకు తోటలో చాకిరీ చేస్తానని వేలిముద్ర వేసి సముద్రం దాటుతాడు. గడువు తీరాక దొర అతనికి కొత్త బట్టలిచ్చి విడిచిపెట్టాలి.

ఇది చెప్పగానే మల్లేశన్న చాయ్ తాగడం ఆపేశాడు.

"అరే కాదర్, గిది మన కథనేనాయె! శుక్రారం చెప్దాం. వంతకు నువ్వే."

నేను గోరంత చెబితే ఆయన కొండంత చేసేవాడు. విలియం ఎల్లయ్య అయ్యాడు, దొర కఫీల్, అంటే మమ్మల్ని పనికి తెప్పించుకున్న సౌదీ యజమాని అయ్యాడు. శుక్రవారం నేను జుమా నమాజు నుంచి వచ్చేసరికి మెస్ నిండిపోయేది. "ఎల్లయ్యకు ఇంటికి పోను చుట్టీ దొరికిందా, భాయ్?" అని వారమంతా బస్సులో నన్ను వేధించేవాళ్లు.

అంతలో ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్లు ఉండి తీరాలనే నితాఖత్ చట్టం వచ్చింది. సౌదీ మనుషులు చాలినంత మంది లేరని మా కంపెనీ ఎర్ర రంగులో, అంటే లెక్క తప్పిన వాటి జాబితాలో పడింది. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కాలేదు, పైగా మనిషికింత అని సర్కారు లెవీ. సగం క్యాంపుకు ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికే అన్నారు. వాళ్లలో మల్లేశన్న కూడా ఉన్నాడు. పరంజాలు కట్టే మెట్‌పల్లి రాజం బస్సులో నా వెనక కూర్చొని, "ఊళ్లె ఏం మొఖం పెట్టుకోని తిరగాలె, భాయ్? ఎల్లగొట్టిండ్రు అంటరు" అన్నాడు. అందరి ముఖాల్లోనూ అదే మాట.

సీరియల్ కూడా అప్పుడే ముగిసింది. గడువు తీరకముందే విలియం జ్వరంతో చనిపోయాడు. మన ఎల్లయ్యను బతికించేద్దామని మల్లేశన్నతో అన్నాను.

"సచ్చినోణ్ణి బతికిస్తే కథ అబద్ధమైతది. గని గిట్ల ఏడ్పుల ఇడిసిపెట్ట. జూడు నువ్వు."

ఆఖరి శుక్రవారం ఎల్లయ్య చావును ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పుడు డబ్బా మళ్లీ మోగింది. మా పల్లెల్లో కథ ముగిసే ముందు కట్నాలు చదువుతారు. ఎవరు ఏమిచ్చారో ఊరూ పేరూ చెప్పి దీవిస్తారు. మల్లేశన్న మెడలోని తువ్వాల తీశాడు.

"మెట్‌పల్లి రాజం! రిఫైనరీల అన్నిట్ల ఎత్తు పొగగొట్టానికి కొసదాక మంచె గట్టిండు. ఒక్క మనిషి జారలే. ఎల్లయ్యకు అందని కొత్త బట్ట నీకందింది, రాజం!"

"ఔ మల్ల!" అన్నాను. రాజం భుజంమీద తువ్వాల పడింది. వంగిపోయి కూర్చున్న మనిషి నిటారుగా లేచాడు. మల్లేశన్న వెళ్లిపోతున్న ప్రతి ఒక్కరినీ, వాళ్లు కట్టినదాన్నీ చదువుతూ తువ్వాలను భుజం నుంచి భుజానికి మార్చాడు. చివరికది తిరిగి ఆయన చేతికే వచ్చింది. కట్నం చదివేవాడు తన పేరు తాను చదువుకోడు. మెల్లగా దాన్ని మడతపెట్టబోయాడు.

లేచి తువ్వాల లాక్కున్నాను.

"కోరుట్ల మల్లేశం! మన పాణం కన్న ముందు తన పాణం మంచె మీద పెట్టి జూసిండు. గిట్లాంటి మొగోడు ఈ గడ్డ మీద లేడు!"

వంత పలకాల్సిన నేనే చదివేశాను కదా, ఇక పలికేదెవరు? మల్లేశన్న తల వంచి, డబ్బామీద ఒక్క దెబ్బ వేసి, "ఔ మల్ల" అన్నాడు.

డ్రైవర్ని కాబట్టి నన్ను ఇంకో కఫీల్ తీసుకున్నాడు. ఇప్పటికీ ఎగ్జిట్ మీద పోయేవాళ్లను ఎయిర్‌పోర్టులో దింపేది నేనే. ఊరూ పేరూ కట్టిన పనీ చదవందే బస్సు తలుపు తీయను.